పధ్నాలుగో గుడ్డు

2003, ధవళేశ్వరం. జిల్లా బాడీబిల్డింగ్ పోటీలకి ఇంకా పది రోజులుంది. పొద్దున్నే వంటింట్లో హరిబాబు, ఏడో నెల మోస్తున్న అతని భార్య శ్రీదుర్గ.

“పదమూడే ఉన్నాయేంటి?”

“ఒకటి ఉడికేటప్పుడు పగిలిపోయిందండి.”

“పగిలిందా, నీ నోట్లోకి వెళ్ళిందా?”

“పగిలింది. చెత్తడబ్బాలో ఉంది, చూసుకోండి.”

“చూస్తాలే. కోచ్ వీరబ్రహ్మంగారు లెక్క కట్టి మరీ చెప్పేరు. ఒంట్లో కేజీకి రెండు గ్రాముల ప్రొటీను. నేను ఎనభై కేజీలు. ఎంతయింది?”

“నూట అరవై.”

“పధ్నాలుగు తెల్లసొనలకి యాభై, అరకేజీ చికెన్‌కి నూట పది. ఒక్క గుడ్డు తగ్గినా లెక్క తప్పుద్ది.”

“ఏవండీ, డాక్టరమ్మ నన్ను కూడా రోజుకి రెండు గుడ్లు తినమంది. రక్తం ఏడే ఉందంట. బిడ్డ బరువు పెరగట్లేదంట.”

“మూడు వారాల్నుంచి రోజూ ఇదే గోల. నువ్వేం పోటీకి వెళ్తున్నావని?”

“పోనీ పచ్చసొనలివ్వండి. మీరెలాగూ తీసేస్తారు కదా.”

“టైగర్‌కి పెడుతున్నాను కదే. నెల రోజుల్లో దాని బొచ్చు ఎంత నిగనిగలాడుతుందో చూసేవా? నీకు పెడితే ఏం కనిపిస్తుంది?”

“కుక్క పాటి చెయ్యదా అండి, నా కడుపులో బిడ్డ?”

“ఆడో మగో తెలీకుండానే మేపమంటావా? పుట్టనీ. మగపిల్లాడైతే అప్పుడు చూద్దాం.”

“మీ పాదాలు ఇవాళ కూడా పొంగేయండి.”

“కండ అది. నీకేం తెలుసు?”

“పాదాలక్కూడా కండ వస్తుందా?”

“నోర్ముయ్.”

“ఒక్కటండి. ఒక్క గుడ్డు. అడగడం ఇదే ఆఖరు. మళ్ళీ అడగను.”

“అడక్కపోతే పీడా పోయింది. గేటు దగ్గరెవరో పిలుస్తున్నారు, పోయి చూడు.”

“శ్రీదుర్గమ్మగారూ, నేనండి, ల్యాబ్ పల్లంరాజుని. హరిబాబుగారెలా ఉన్నారు?”

“బాగున్నారండి. లోపల టిఫిన్ చేస్తున్నారు.”

“పోటీలకి సర్టిఫికెట్టు కావాలని ఆయనిచ్చిన రక్తం, యూరిన్ రిపోర్టు మీ చెకప్ రోజు మీ చేతికే ఇచ్చేను కదమ్మా. వెంటనే రమ్మన్నారు డాక్టరుగారు. మూడు వారాలైంది.”

“మెల్లగా అనండి. ఆయన వింటే బెంగపడతారు.”

“కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయమ్మా. ప్రొటీను రోజుకి నలభై గ్రాములు దాటకూడదని రిపోర్టు మీదే రాసేరు. గుడ్లూ మాంసం మానిపించేరా?”

“ఆయ్. ఆ రోజే మానిపించేనండి.”

“మంచి పని చేసేరు. లేకపోతే మనిషి దక్కడన్నారు. ఈ వారం తప్పకుండా తీసుకురండి.”

“పోటీలు అవగానే తీసుకొస్తానండి.”

“మీలాంటి భార్య దొరకడం ఆయన అదృష్టమమ్మా. వస్తాను.”

“ఎవరే అది, అంతసేపు?”

“పల్లంరాజుగారండి. మీరు అదృష్టవంతులంటున్నారు.”

“కాదేంటి మరి. ఆ పధ్నాలుగో గుడ్డు సంగతేంటి?”

“ఇంకో నాలుగు ఉడకబెడుతున్నానండి. అన్నీ మీకే.”