ఎంక్వైరీ అక్క నీలం కోటు

1988 ఆగస్టు ఒకటో తేదీన మన బస్టాండు పార్సిల్ గదిలో విధుల్లో చేరి, తరువాత విచారణ కౌంటరుకు మారి, ఎంక్వైరీ అక్కగా అందరి ఆదరాభిమానాలు చూరగొన్న మన సహోద్యోగిని ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. బస్సెప్పుడని అడిగినవాడే వెనక్కొచ్చి మళ్లీ అడిగినా, మొదటిసారి విన్నట్టే జవాబివ్వడం ఆవిడ పద్ధతి. అధికారులు ఆ సహనాన్ని వేదికలెక్కి శ్లాఘించారు. కౌంటరులో రెండో మనిషిని మాత్రం వేయలేదు.

కొన్నేళ్ల క్రితం ఆవిడ తల్లిగారికి మతిమరుపు వ్యాధి వచ్చింది. ఇంట్లో రోజూ రభసే. "నేనే అమ్మా, నీ కూతుర్ని" అని అక్క, "పోవే, నువ్వెవరో" అని తల్లిగారు. స్నానానికి రారు, ముద్ద మింగరు.

ఒకనాడు చూసుకునే మనిషి రాకపోవడంతో అక్క తల్లిని బస్టాండుకు వెంటబెట్టుకొచ్చి కౌంటరు ఎదుటి బెంచీ మీద కూర్చోబెట్టారు. పెద్దావిడ లేచి కిటికీ దగ్గరికొచ్చారు.

"అమ్మాయ్, మా ఊరి బస్సెప్పుడు?"

అలవాటు చొప్పున అక్క, "ఇంకా టైముందండీ. కూర్చోండి, రాగానే నేనే చెప్తా" అన్నారు.

పెద్దావిడ పక్కనున్న పోర్టరుతో, "ఎంత మర్యాదో చూశావా? మా ఇంట్లో ఉందొకతి, నోరు తెరిస్తే పోట్లాటే" అన్నారు.

"ఇద్దరిదీ ఒకటే పోలికేమో పెద్దమ్మా."

"ఛ, ఈ పిల్ల కాలిగోటికి చాలదది."

అక్క అందరితో పాటు నవ్వి, పార్సిల్ గదిలోకెళ్లి కాసేపాగి వచ్చారు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లోనూ అక్క తన డ్యూటీ నీలం కోటు విప్పలేదు. "బస్సుకింకా టైముందండీ, ఈలోగా స్నానం కానిద్దామా?" అంటే పెద్దావిడ బుద్ధిగా లేస్తారు. జాలిపడినవారికి అక్క సమాధానం ఒకటే: "కూతురిగా ఫెయిలయ్యా, కౌంటర్లో పాసయ్యా. అమ్మ అన్నం తింటోందిగా, ఇంకేం కావాలి?"

విరమణ రోజున కోటు వాపసు చేయాలన్నది నిబంధన. అలాంటిదే ఇంకోటి కుట్టించి తొడుక్కుంటే, పెద్దావిడ జేబు తడిమి, "బస్సు గుర్తేదీ? నువ్వు దొంగ కౌంటరు" అని తలుపేసుకున్నారు. మేనేజరుగారు రూలు రూలేనన్నారు. మేమందరం కోట్లు విప్పి ఆయన బల్ల మీద కుప్పపోశాం. అప్పుడు కోటు అక్క దగ్గరే ఉండొచ్చని సంతకం పెట్టారు. దయతో ఇచ్చారని ఎవరైనా ప్రసంగిస్తే నమ్మకండి.

అక్క ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. కోరినంత మాత్రాన ఆరోగ్యం రాదు; ఆ ఇంటి కౌంటరుకూ రెండో మనిషి కావాలి. ఇదే ఊళ్లో ఉంటున్న అక్క తమ్ముడుగారూ, మన ఉద్యోగుల పత్రిక ఈ సంచిక మీకూ పంపుతున్నాం. ఆదివారాలు ఆ కోటు మీరు తొడుక్కోండి. కాస్త బిగుతైనా ఫరవాలేదు.