గురువారం నూలు

పొందూరు. ఖద్దరు కొట్టు యజమాని జగన్నాధం, విజయనగరంలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే అతని మేనకోడలు శ్రావణి. బుధవారం, దీపాలు పెట్టే వేళ.

"రేపు వద్దనకు మావయ్యా. బస్సు మాటాడీసేను. మన క్లాసు పిల్లలంతా తెల్లారి నీ కొట్టుకి బయల్దేరిపోతారు."

"ఒచ్చే వారం ఎట్టుకోరాదేటమ్మా. వర్షం వచ్చేటట్టున్నాది."

"మబ్బు ఎక్కడున్నాది?"

"లేదనుకో. కళింగపట్నం తీసుకెల్లు. పడవలొస్తాయి, సేపలమ్ముతారు. అదీ యాపారమే కదా."

"పుస్తకంలోది నేను సెప్పాలి, కొట్టులోది నువ్వు సెప్పాలి. అందుకే కదా కాలేజీవోళ్లు మనిద్దర్నీ ఒక క్లాసుకి పెట్టేరు. సార్, సార్ అని పిలిపించుకున్నప్పుడు బాగున్నాది. ఇప్పుడు పడవలు సూడమంటావేటి?"

"కొట్టు సూపిస్తాను. బట్టలు సూపిస్తాను. కాఫీలిస్తాను."

"బట్టలెవులిక్కావాలి? గురువారం నూలు కొనడం సూస్తారంట. ఆడోళ్లు ఇంట్లో వడికిన నూలు సుట్టలు, ఆ సిలపలు, తెచ్చి అమ్మవారి పటం ముందర పెట్టడం, అది ముతకైనా సన్నమైనా నువ్వు ఎనక్కివ్వకుండా తీసుకోడం. నువ్వే కదా క్లాసులో సెప్పేవు."

"సెప్తే నవ్వేరు కదే."

"ఆ రోజు నవ్వేరు. ముతక నూలు కొనడం ఆపీమన్నారు."

"ఆపీమన్నారు. బోర్డు మీద గీతలు గీసి మరీ సెప్పేరు. ఎందుకు కొంటన్నారు సార్ అనడిగితే నా కాడ జవాబేదీ? మా అమ్మ కొన్నాది, నేను కొంటన్నాను. అంతే."

"ఆ జవాబు వాళ్లకి ఇప్పుడు దొరికింది. అందుకే వస్తన్నారు."

"ఏటి దొరికింది?"

"దేవి అని, ఎనక బెంచీలో కూకుంటాది..."

"తెలుసు. సెప్పు."

"ముసిలోళ్ల ముతక నూలు కొంటేనే ఆ ఇంటి కోడళ్ల సన్న నూలు మన కొట్టుకొస్తాదంట. అత్తని కాదన్న గుమ్మం కోడలు ఎందుకెక్కుతాది అనడిగింది. క్లాసంతా ఒప్పుకున్నాది. ఇన్నేళ్లు సదివి నేనూ అలాగ ఆలోసించలేదు."

"ఎప్పుడన్నాది ఆ పిల్ల?"

"మొన్న సోమవారం."

"మొన్న సోమవారమా."

"ఏం?"

"ఏటీ లేదు. కాఫీ తాగుతావా?"

"మావయ్యా, పటం ఏదీ? ఉట్టి మేకు ఉన్నాది అక్కడ."

"లోపలెట్టేను. వంటింట్లో."

"ఎందుకు?"

"గోడకి సున్నం ఎయ్యాలని."

"ఎయ్యలేదు కదా."

"ఎయ్యాల."

"మావయ్యా."

"పటం ముందర పెట్టిన నూలు ఎనక్కివ్వకూడదు కదమ్మా. పటమే లేకపోతే ఇవ్వొచ్చు కదా అనుకున్నాను. ముందు అమ్మవారినే అడిగేను, పిల్లలు సెప్పింది నిజమేనా తల్లీ అని. ఆవిడ పలకలేదు. పలకలేదంటే సరే అన్నట్టా, వద్దన్నట్టా? ఎలా తెలుస్తాది సెప్పు?"

"ఎవులి నూలు ఎనక్కిచ్చీసేవు?"

"ముసిలి జగ్గమ్మది, ముతకగా ఉన్నాదని. పోయిన గురువారం. అరిసినా బాగున్ను. సిలపలు ఒళ్లో ఎట్టుకొని మెట్లు దిగీసింది. కోడలు గౌరి సంచీ ఇప్పనే లేదు, అత్త ఎనకే ఎల్లిపోయింది. గౌరి తీసినంత సన్న నూలు ఈ ఊర్లో ఎవులూ తియ్యలేరు. అది సూసి మిగతావోళ్లూ లేచిపోయేరు."

"మరి రేపు?"

"రేపెవులొస్తారు? ఉట్టి కొట్టు సూపించి పిల్లలికి ఏటి సెప్పను? మీ మాట ఇనే ఇలాగ సేసేనని సెప్పనా? వాళ్లు దారి మార్చుకున్నారు, బాగానే ఉన్నాది. నేను ఎటెల్లను?"

"పటం తెచ్చి కట్టీ. జగ్గమ్మ కాడికెల్లి రమ్మను."

"ఎల్లేను. వీధి మలుపు దాకా ఎల్లి తిరిగొచ్చీసేను. ఏ మొహం ఎట్టుకొని పిలుస్తాను? నువ్వెల్లవే తల్లీ. నువ్వంటే దానికి ఇష్టం. కాలేజీవోళ్లొస్తన్నారు, మావ పరువు పోతాదని సెప్పు."

"ఎల్లే వస్తన్నాను."

"ఎప్పుడు?"

"ఇక్కడికి రాకముందే. దారిలో గౌరి కనబడింది, వాళ్లింటికి తీసుకెల్లింది."

"అయితే నీకంతా తెలుసా? మరి ఇంతసేపూ..."

"నీ నోటితో సెప్తావేమోనని సూసేను."

"అది సర్లే. ఏటన్నాది జగ్గమ్మ? రానన్నాదా?"

"వస్తానన్నాది. నేనడిగేనని అందరూ వస్తారంట. పటం ముందర కూకుంటారంట, పిల్లలికి రాట్నం తిప్పి సూపిస్తారంట."

"సల్లగా ఉండాలి. సల్లగా ఉండాలి. ఉండు, పటం తెచ్చి కట్టీస్తాను."

"బస్సు ఎల్లిపోయాక మాత్రం, నూలు ఎత్తుకొని ఎదురు ఖద్దరు కొట్టుకి ఎల్లిపోతారంట మావయ్యా."