వత్సవాయి పిల్ల ఫోటో

ఏంటే యామినీ, పొద్దున్నుంచీ ఫోన్లో ఆ కెమెరాలే తిప్పుతున్నావ్, ఇంకా తేలలేదా? ఏదీ, ఇలా చూపించు. అబ్బో. ఇది బాడీ ఒక్కటేనా, లెన్సు వేరేనా? మరి లెన్సు లేకుండా దాంతో ఏం చేస్తాం, పచ్చడి నూరుకుంటామా? నా మాట విని బాడీ పాతదైనా సరే, లెన్సు మాత్రం మంచిది కొనుక్కో. ఇది నా తెలివి కాదులే. జగ్గయ్యపేటలో ఉదయభాస్కర్ అని స్టూడియో ఆయన ఉండేవాడు, ఆయన అనేవాడు. మీ నాయనమ్మని నేను మొదట చూసింది ఆయన లెన్సులోంచే. నవ్వకు. నువ్వు పుట్టకముందే పోయింది కాబట్టి నీకివన్నీ ఎవరు చెప్తారు.

అప్పట్లో పెళ్ళిచూపులకి ముందు ఫోటో వచ్చేది. కవరు మూలలకి పసుపు రాసి పంపేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ తల్లులందరూ పిల్లల్ని భాస్కర్ దగ్గరికే తీసుకొచ్చేవాళ్ళు. ఎందుకంటావా? ఆయన లెన్సు ముందు ఒక అద్దం బిగించి, దానికి వేలితో కాస్త వాజలీను రాసేవాడు. ఇంకేముంది, మచ్చలూ మొటిమలూ అన్నీ మంచులో కలిసిపోయేవి. మా నాన్న ఫోటో వెనక ముద్ర చూసి, "భాస్కర్ తీసిందా? అయితే సగం తీసేసి చూడరా" అనేవాడు. నిజమే మరి. ఫోటోలో పిల్ల వేరు, కాఫీ తెచ్చే పిల్ల వేరు. ఒకసారి అట్లాగే కంచికచర్ల దాటి వెళ్తుంటే పరిటాల దగ్గర బస్సాగిపోయింది. అప్పటికింకా అక్కడ ఆ పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం లేదులే, నిలబడటానికి నీడ కూడా... ఏం చెప్తున్నా? ఆఁ, మీ నాయనమ్మ.

వాళ్ళది వత్సవాయి, జగ్గయ్యపేట పక్క ఊరే. పేరు దేవమణి, అది తెలుసుగా. చిన్నప్పుడు గంజి ఒలికి ఎడం చెంప మీద, చెవి దాకా మచ్చ. వాళ్ళ పిన్ని వాజలీను ఫోటో తీయించి పంపేది, మగపెళ్ళివాళ్ళు వచ్చేవాళ్ళు, మొహం చూసేవాళ్ళు, జాతకాలు కలవలేదని కబురు పెట్టేవాళ్ళు. ఫోటో చూసినప్పుడు కలిసిన జాతకాలు మొహం చూశాక కలవవు, అదేం జ్యోతిషమో. సరే, భాస్కర్ కొత్త లెన్సు కొన్నాడు. కనురెప్ప వెంట్రుక కూడా విడిగా కనిపించేంత లెన్సు. తెగ మురిసిపోయాడు గానీ తల్లులొచ్చి తిట్టారట, "మా పిల్ల మూతి మీద నూగు నీకెందుకయ్యా?" అని. దాంతో దాన్ని బీరువాలో పెట్టేశాడు. మీ నాయనమ్మ వెళ్ళినప్పుడు ఆవిడే అడిగిందట. "అన్నయ్యా, ఈసారి ఆ కొత్తదాంతో తీయండి. ఇటు చెంప కిటికీ వైపు పెడతా. వద్దనుకునేవాడు ఫోటో చూసి వాళ్ళింట్లోనే ఆగిపోతాడు, మా అమ్మకి ఉప్మా చేసే పని తప్పుతుంది." పిన్ని నెత్తి కొట్టుకుందట, "ఇట్లా తీస్తే ఇంక గుమ్మం ఎవరు తొక్కుతారే!" అని. ఇదంతా పెళ్ళయ్యాక భాస్కరే చెప్పాడు.

ఆ ఫోటో నందిగామలో మా ఇంటికొచ్చింది. మా నాన్న కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, "ఒరే కుటుంబరావూ, ఇది తీసినవాడికి ఈ పిల్లంటే ఏదో పాత కోపం ఉందిరా" అన్నాడు. నేనేదో పెద్ద మనసు చేసుకుని వెళ్ళాననుకునేవు, అదేం లేదు. తిరిగి తిరిగి విసుగొచ్చింది, వెళ్ళా. ఫోటోలో ఎవరున్నారో ఆ పిల్లే కాఫీ తెచ్చింది. అదే చెంప, అదే చూపు. గ్లాసు అందుకునేసరికే తెలిసిన మనిషిలా అనిపించింది. అంతే.

వీడియోనా? ఉంది. పెళ్ళికి ముచ్చటపడి పెట్టించాం. భుజం మీద బియ్యం బస్తా అంత కెమెరా, పక్కన ఒకడు ఎత్తి పట్టుకునే లైటు. హాలంతా చీకటిగా ఉండేది, ఆ లైటు లేకపోతే బొమ్మ రాదు. జీలకర్ర బెల్లం పెట్టాక తలవంచి నా చెవిలో, "ఆ లైటు తీసెయ్యమనండి" అంది. వేడికనుకున్నా. కాదట. "చూడాల్సినవాళ్ళు చూశారుగా. ఇంక ఊరందరికీ ఎందుకు?" అంది. చెప్పా, ఆపేశారు. కెమెరా అతను "మసకగా వస్తుందండీ, తర్వాత నన్నడగొద్దు" అంటూనే ఉన్నాడు. అట్లాగే వచ్చింది. తెరంతా చీమలు పాకినట్టుంటుంది. ఆవిడ ఎక్కడుందో గాజుల చప్పుడుని బట్టి పోల్చుకోవడమే. మీ నాన్న దాన్ని సీడీ చేయించాడు, మొన్నెప్పుడో పెన్‌డ్రైవులోకి కూడా ఎక్కించాడు.

ఏంటీ? ఇప్పుడు బాగు చేయొచ్చా? కంప్యూటర్లో వేస్తే మొహాలు కూడా తేటగా వస్తాయా? నిన్న తీసినట్టే?

వద్దులేమ్మా. అట్లా ఉండనీ. అది ఆవిడ తీసెయ్యమన్న లైటు.

ఊఁ, ఇంతకీ ఆ లెన్సుకి గ్యారంటీ ఎన్నేళ్ళంటున్నారు?