దిక్సూచి కళ్ళకు గంతలు

నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళన్నీ రాలిపోవాలి. నవ్వకు, ఇంకా నాలుగున్నాయి, వాటి మీదే ఒట్టు. ఆ ఫొటో తుడిచింది చాలు గానీ ఇలా వచ్చి కూర్చో. టోపీ వంకరగా పెట్టుకున్న ఈ కుర్రాడెవరు అమ్మమ్మా అని కదూ అడిగావు. మా తమ్ముడే. మీ అమ్మకి మేనమామ. యుద్ధనౌకలో పనిచేశాడు. ఓడ వెళ్ళింది, తిరిగొచ్చింది, వాడు రాలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవర్నడిగినా చెప్తారు. అసలు ఆ ఓడలో నిలదొక్కుకోవడానికి వాడు పడ్డ పాట్లున్నాయి చూశావూ, అవి మాత్రం ఒక్కరూ చెప్పరు. నేను చెప్తా విను.

వీధిలో అందరూ వాణ్ణి దిక్సూచి అనేవాళ్ళు. దారులన్నీ తెలుసని కాదే తల్లీ, వెక్కిరింతకి. మలుపులో ఉన్న అంగడికి ఉప్పుకని పంపితే, పొద్దువాలాక పొరుగూరి వాళ్ళెవరో రెక్క పట్టుకుని తెచ్చి అప్పగించేవాళ్ళు, ఉప్పు లేకుండా. మా ఇంట్లో ఉన్నవే మూడు గదులు, వాటిలో కూడా తప్పిపోయేవాడు. అలాంటివాడు పోయి పోయి ఓడలో చేరాడు. ఆ ఓడంటే మాటలా? ముక్కు దగ్గర వాన కురుస్తుంటే తోక దగ్గర బట్టలారేసుకునేవాళ్ళు. లోపల మెట్ల కింద మెట్లు, సందుల్లో సందులు, ప్రతి ఇనప తలుపుకీ మోకాలెత్తు గడప. మొదట్లో వాడి మోకాళ్ళు చూస్తే నెమలి సిగ్గుపడి తోక ముడుచుకునేది, అన్ని రంగులు తేలాయి.

తెల్లారగానే ఈల. పడకలు ఒకదాని మీదొకటి మూడేసి, పైవాడు తుమ్మితే కిందివాళ్ళకి మొహం కడుక్కునే పని తప్పేది. లేచింది మొదలు నేల రుద్దడం, ఇత్తడి తోమడం, తుప్పు గీకడం. ఇవాళ గీకిన చోట రేపు మళ్ళీ తుప్పు, అత్తగారి సణుగుడులాగ. ప్రయాణం దగ్గర పడ్డాక సరుకులెక్కించడం మొదలైంది. రేవు మీంచి ఓడ కడుపు దాకా కుర్రాళ్ళు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ పిండి బస్తాలు, దుంపల బస్తాలు, ఫిరంగి గుళ్ళ పెట్టెలు లోపలికి పంపేవాళ్ళు. మావాడికి ఆ పనంటే ప్రాణం. "అక్కా, ఆ వరసలో నుంచుంటే నేనెటు పోవాలో ఆలోచించక్కర్లేదు, బస్తానే పోతుంది" అనేవాడు.

కుర్రాళ్ళ మీద పెద్ద ఒకడుండేవాడు, సరంగు అనేవాళ్ళు. గొంతెత్తాడంటే నీళ్ళలో చేపలు కూడా బారు తీరేవి. వాడో పరీక్ష పెట్టేవాడు. ఓడ కదిలేలోపు, కింది గదుల్లో పడుకునే ప్రతివాడూ కళ్ళకు గంతలు కట్టించుకుని, పడక దగ్గర్నుంచి ఓడ పైనున్న ఆరుబయటికి ఒంటరిగా రావాలి. ఎందుకంటావేమిటే, లోపల నిప్పంటుకుంటే దీపాలుంటాయా? పొగలో కళ్ళెందుకు పనికొస్తాయి? రాలేనివాణ్ణి దింపేసి రేవులో గోదాముకి పంపేస్తారు, తాళ్ళు చుట్టుకుంటూ ఉండమని.

మొదటిసారి మావాడు ఎక్కడ తేలాడనుకున్నావు? కెప్టెన్ గదిలో. గంతలు విప్పేసరికి కొక్కేనికి వేలాడుతున్న కోటుకి సెల్యూట్ కొట్టి నిలబడి ఉన్నాడు. ఓడంతా నవ్వింది, గోడమీది గడియారం సహా. వాడు మాత్రం పళ్ళు బిగించాడు. ఖాళీ దొరికితే చాలు, కళ్ళు మూసుకుని లోపల తిరగడమే. ముక్కుతో నేర్చుకున్నాడు. ఇక్కడ సబ్బు వాసన, అంటే బట్టలుతికే గది. ఇక్కడ ఉల్లిపాయలు, వంటగది. ఇక్కడ నూనె, ఇంజను. వేటకుక్క కూడా అంత బాగా రాదు. తీరా పరీక్ష వారంలో ఏం చేశారో తెలుసా? ప్రయాణానికి ముస్తాబని ఓడకి లోపలా బయటా రంగేశారు. ఇక ఎటు పీల్చినా రంగు వాసనే. మావాడు పడక దగ్గర బయల్దేరి, తిరిగి తిరిగి, తన పడక దగ్గరికే వచ్చి "పైకొచ్చేశాను సార్" అన్నాడు. సరంగు నవ్వలేదట. "ఇంకొక్కసారి చూస్తా. అప్పుడూ ఇంతే అయితే గోదాముకి పోదువు గాని. ముందొకసారి మీ అమ్మని చూసిరా" అన్నాడట.

వచ్చాడు. సంగతి వినగానే అమ్మ మొహం చాటంతైంది. "గోదాము పనికేంరా, మహరాజులా ఉంటుంది. పూటపూటా ఇంటికొచ్చి తినొచ్చు." వీడు అన్నం తిన్న చెయ్యి కడుక్కోకుండానే అన్నాడు, "అమ్మా, ఆ మెట్లు ఒక్క మనిషి పట్టేంతే ఉంటాయి. దారి తెలియనివాడు ఒక్కడు ముందుంటే వెనకున్నవాళ్ళందరూ ఆగిపోతారు. ఆ ఒక్కడు నేను కాకూడదు. కళ్ళకు గుడ్డ కట్టు, ఇంట్లో తిరిగి నేర్చుకుంటా."

అమ్మ కట్టింది. నేను బల్ల అడ్డం జరిపాను, పీటలు తిరగేశాను, బిందె దారిలో పెట్టాను. వీడు ఒక్కదానికీ తగలకుండా పెరటి గుమ్మం దాకా దొరబాబులా నడిచాడు. నేను చప్పట్లు కొడుతుంటే వాడు అక్కడే ఆగి, వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు, "అమ్మా, కింద సందుంది. నేలంతా కనబడుతోంది. గట్టిగా కట్టు."

అమ్మ కదల్లేదు. మూతి బిగించుకుని నిలబడింది. ఆవిడకి తెలియక వదిలిన సందా అది? వాడు వచ్చి ఆవిడ ముందు గొంతుక్కూచున్నాడు. చాలాసేపటికి ఆ గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, చెవుల మీంచి లాగి ముడేసింది. ఆ ముడి ఏనుగు లాగినా ఊడదు. వేసి, వాడి చెయ్యి తీసుకుని గోడకి ఆనించింది. "ఒకే గోడ పట్టుకో. ఏమొచ్చినా వదలకు. తప్పు దారైనా సరే, పట్టిన గోడ వెంటే వెనక్కి రావచ్చు" అంది. ఆ రోజంతా వాడు గోడ పట్టుకుని ఇల్లు తిరుగుతూనే ఉన్నాడు. బిందె తన్నుకున్నాడు, పీట మీద పడ్డాడు, పిల్లి తోక తొక్కితే అది అలిగి అడవికి పోయింది. అమ్మ ఒక్కసారి కూడా అయ్యో అనలేదు.

పరీక్ష రోజున సరంగు తానే గంతలు కట్టి, బొంగరంలా తిప్పి వదిలాడట. అదీ చాలక, దారిలో ఒక ఇనప తలుపు మూయించాడు, అటువైపు మంటలున్నాయనుకో అన్నట్టు. మావాడు ఎడమచెయ్యి గోడకి పెట్టి ఆ తలుపు దాకా వెళ్ళాడు. తట్టాడు. తెరుచుకోలేదు. ఇదివరకైతే అక్కడే బొమ్మలా నిలబడిపోయేవాడు. ఈసారి చెయ్యి మార్చి, అదే గోడ వెంట వెనక్కొచ్చి, ఇంకో సందు పట్టుకుని, గడపలు దాటి, మెట్లెక్కి, గాలి మొహాన కొట్టినా ఆగకుండా ఇంకా పోతూనే ఉన్నాడు. సరంగే పరిగెత్తుకొచ్చి చొక్కా కాలరు పట్టుకున్నాడు. "ఆగరా దిక్సూచీ, ఇంకో అడుగేస్తే చేపలకి దారి చెప్పాలి నువ్వు."

ఓడ కదిలిన రోజు రేవంతా జనం. లోకంలో సగం అక్కడే ఉంది, మిగతా సగం దారిలో ఉంది. కుర్రాళ్ళు తెల్లబట్టల్లో పైన బారులు తీరారు, ఎవడు మావాడో ఆనవాలు తెలియలేదు. అందరూ అరుస్తున్నారు, ఏడుస్తున్నారు. అమ్మ అరవలేదు, ఏడవలేదు. ఓడ ఆవగింజంతై, అదీ కనబడకుండా పోయి, జనమంతా ఇళ్ళకెళ్ళాక నా వైపు తిరిగి అడిగింది, "గట్టిగానే కట్టాను కదే?"

నేనా? నేనేమన్నానంటే...

అన్నట్టు నా చెప్పు తెగి మూడ్రోజులైంది. గుమ్మం పక్కనే ఉంది చూడు, ఎడమకాలిది. మలుపులో చెప్పులు కుట్టేవాడు వెళ్ళిపోయేలోపు కుట్టించుకురా. దారం రెండు పేటలు వెయ్యమను. లే.