తెల్లకాగితం చేను

బూర్గంపాడు బ్యాంకు మెట్లు దిగి, తండ్రి చేతిసంచిని బండి హ్యాండిల్‌కు విసురుగా తగిలించాడు. వెనకే కూతురు వచ్చింది.

"లండన్‌ల లా సీటొచ్చిందనంగనే మేనేజర్ కుర్చీ ఏయించిండు. ఫీజుకు చేను తాకట్టు పెడతనంగనే మొఖం మాడ్చుకున్నడు. ఏందంట ఆయన బాధ?"

"వన్ ఆఫ్ సెవెంటీ చట్టం నాన్నా. ఏజెన్సీల కోయ గిరిజనుల భూమి మనసొంటోళ్లు కొంటే చెల్లదు. చెల్లనిది బ్యాంకోళ్లు ఎట్ల తాకట్టు పెట్టుకుంటరు?"

"మా నాయిన దొంగతనం చేసిండా? పైసలిచ్చి తెల్లకాగితం మీద రాయించుకున్నడు. కోయ పెద్దమనుషులు వేలిముద్రలేసిన్రు. ఇన్నేండ్ల మా చెమటకు లెక్కలేదా?"

"చట్టంల లేదు."

"గందుకే నువ్వు లాయర్‌వి కావాలె. చదివొచ్చినంక ముందుగాల ఈ చట్టం సంగతి చూడు."

ఆమె హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"దాని మీదనే వ్యాసం రాసిన నాన్నా. అది సదివే సీటిచ్చిన్రు."

ఆయన ముఖం విప్పారింది.

"శభాష్ బిడ్డా! ఏమని రాసినవ్?"

"తెల్లకాగితాల భూములన్నీ కోయోళ్లకు తిరిగియ్యాలని. మన చేనుతోనే మొదలువెట్టిన."