కింద సార్ ఎదురుచూస్తున్నారు

(ఆదివారం పొద్దున. మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య ఆగిన లిఫ్టు. లోపల, ఇంట్లోంచి కిందికి బయల్దేరిన ఒక లిఫ్టు మెకానిక్కు, అతని భార్య.)

"కాస్త జరుగు, ఆ బటన్ల దగ్గర చూడనీ."

"ఏం చూడక్కర్లేదు. కూర్చోండి."

"కూర్చోడమేంటే, లిఫ్టు ఆగిందిగా."

"ఆగితే ఆగనివ్వండి. ఊళ్ళో లిఫ్టులన్నీ మీరేగా చూస్తోంది. ఇదొక్కటి పడుంటే కొంపేం మునగదు."

"ఎవరైనా ఎక్కాలని నిలబడి ఉంటారు."

"మెట్లెక్కుతారు. కాళ్ళున్నాయిగా."

"కింద సార్ ఎదురుచూస్తున్నారు."

"చూడనివ్వండి."

"పాపం, ఆదివారం పూట మన కోసం ఇంతదూరం వచ్చారు."

"మన కోసమా? మీ కంపెనీలో పని మానేసి పోయినతని బిల్డింగులన్నీ మీ నెత్తిన పెట్టి పోవడానికొచ్చాడు. మీరు సరే అంటారు, ఆయన మీ భుజం తట్టి కారెక్కుతాడు."

"సరే అంటానని నేను చెప్పానా?"

"కాదంటానని చెప్పారా?"

"చూద్దాం అన్నాను."

"మీ చూద్దాం సంగతి నాకు తెలీదా. రాత్రి కాల్స్ మీకే అప్పజెప్పినప్పుడు కూడా చూద్దామనే అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. నిద్రలో ఫోన్ మోగడం, మీరు చెప్పులేసుకోవడం, నేను తలుపేసుకోవడం."

"ఆ ఫోనిటివ్వు, ఆలస్యమవుతుందని ఒక్క ముక్క చెప్తా."

"ఇవ్వను. అయినా లిఫ్టులో సిగ్నల్ రాదని మీరేగా చెప్పారు."

"అవును. రాదు."

"ఏంటి, నవ్వుతున్నారు?"

"ఏం లేదు."

"నాకు ఒళ్ళు మండిపోతుంటే మీకు నవ్వెలా వస్తోందండీ? డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"చెప్పండి, ఏం చెప్పింది?"

"పని తగ్గించుకోమంది."

"ఇంకా?"

"సాయంత్రం పూట కాసేపు ఖాళీగా కూర్చోమంది."

"కూర్చున్నారా?"

"మొన్న కూర్చున్నాగా, బాల్కనీలో."

"కూర్చుని ఏం చేశారు? ఎదురు బిల్డింగులో లిఫ్టు తలుపు సరిగ్గా పడట్లేదంటూ లేచి పోయారు. అది మీ కంపెనీది కూడా కాదు."

"అక్కడ ముసలాళ్ళుంటారే."

"ఉంటారు. అన్నిచోట్లా ముసలాళ్ళే, పిల్లలే, పాపమే. మొన్న పళ్ళు తోముకుంటూ నిలబడే నిద్రపోయారు. కుళాయి అలా పోతూనే ఉంది. పిల్లది భయపడి నన్ను పిలిచింది. అది పాపం కాదా?"

"ఆ రోజు కొంచెం పని ఎక్కువైంది."

"ఏ రోజు తక్కువైంది? తగ్గించుకోమంటే ఇంకో నాలుగు బిల్డింగులు ఎత్తుకోవడానికి ముస్తాబై బయల్దేరారు. ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నారు."

"చొక్కా నువ్వే తీసిచ్చావు."

"నా ఖర్మ కాలి ఇచ్చాను. మాట మార్చకండి."

"మార్చట్లేదే. ఫోన్ మోగితే పోకుండా ఎలాగో నువ్వే చెప్పు. లోపల మనిషుంటాడు. చీకట్లో తలుపు బాదుతూ ఉంటాడు."

"వెళ్ళడానికి మీరొక్కరే ఉన్నారా?"

"నేనైతే తొందరగా వెళ్తాను."

"అదే. సరిగ్గా అదే మీ రోగం. మీరు తొందరగా వెళ్తారని అందరూ ఫోన్ మీకే చేస్తారు. నేనూ లోపలే ఉన్నాను, పెళ్ళయినప్పట్నుంచి. తలుపు బాదట్లేదని రారేమో."

"నువ్వన్నది నిజమేనే."

"అరవండి. కోప్పడండి. ఎవరేమన్నా తలూపడమేనా? సార్ అన్నా ఊపుతారు, నేనన్నా ఊపుతారు. ఇంక నా మాటకి విలువేముంది?"

"అలసిపోయానే."

"ఏంటి?"

"బాగా అలసిపోయాను. పొద్దున లేచి మంచం మీద కూర్చుంటే చేతులు వణుకుతున్నాయి. నీకు చెప్పలేదు."

"ఎప్పట్నుంచి?"

"ఏమో. కొంచెం అటు జరుగు, గోడకి ఆనుకుంటా."

"ఏమో ఏంటండీ? చేతులు వణికితే ఏమో అంటారా? ఆ చేతుల్తోనే వైర్లు పట్టుకుంటున్నారా? డాక్టరమ్మకి చెప్పారా? లేదు కదా. ఇంట్లో ఉన్నదాన్ని, నాకే చెప్పలేదు. అసలు బుద్ధుందా మీకు?"

"తిట్టు. బాగుంది."

"తిడితే బాగుందా?"

"ఇలా కూర్చుంటే బాగుంది."

"కటిక నేల మీదా?"

"ఊఁ."

"ఇస్త్రీ చొక్కా నలిగిపోతోంది."

"నలగనీ."

"ఇంట్లో సోఫా ఉంది, మంచం ఉంది, బాల్కనీలో కుర్చీ ఉంది. ఒక్కదాని మీద కుదురుగా కూర్చోరు కదా ఎప్పుడూ. ఇక్కడ కాళ్ళు చాపుకున్నారు. కళ్ళు కూడా మూశారు, నిద్రపోతున్నారా?"

"లేదు, వింటున్నా."

"అయితే ఇంకో మాట వినండి. కోప్పడకూడదు మరి."

"చెప్పు."

"ఇది దానంతటది ఆగలేదు. ఎర్ర బటన్ నేనే నొక్కాను. కాసేపైనా నా మాట వింటారని."

"తెలుసు."

"తెలుసా?"

"మెకానిక్కుని కదే. ఎందుకాగిందో ఆ మాత్రం తెలీదా?"

"తెలిసీ ఇంతసేపు ఊరుకున్నారా? నన్ను పక్కకి నెట్టి ఆ బటన్ తిప్పేస్తే లిఫ్టు కదిలేది. నేనేదో ఘనకార్యం చేశాననుకుని గొంతు పోయేలా వాగుతుంటే, హాయిగా వింటూ కూర్చున్నారా?"

"కిందికెళ్తే ఆయనకి సరే అనేస్తానే. నా సంగతి నాకు తెలీదా. పైకి నొక్కు."