తాగలేదు అన్న అట్ట

రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, ఒత్తులు ఇంకా నా మాట వినవు. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది. నిదానంగా రాశాను, మీరూ నిదానంగా చదవండి.

ఆదివారం మధ్యాహ్నం, బొల్లారంలో కార్మిక హక్కుల కమిటీ గది. మర్నాడు సంగారెడ్డి కలెక్టరేట్ ముందు ప్రదర్శన. అధ్యక్షుడు నరసరాజు నినాదాలు ఎంచుతున్నాడు. డిగ్రీ చదివే చంద్రిక వాటిని అట్టల మీద రాస్తోంది. మూడేళ్ల క్రితం ఫ్యాక్టరీ ట్యాంకు కడగడానికి దిగి చనిపోయిన సోమయ్య భార్య సత్తెమ్మ, తాను తెచ్చిన ఒక అట్టను ఒళ్లో బోర్లా పెట్టుకుని కూర్చుంది.

"అలా రాస్తే ఒప్పుకోరమ్మా. ఇంకోటి చెప్పండి."

"ఇంకోటా? ‘మా మొగోళ్లను మింగిన కంపెనీ నోట్ల మన్ను వడ.’"

"అది తిట్టు. నినాదం కాదు."

"నాకొచ్చినయి గవే సార్. జెర మెత్తగ అంటే... ‘ఎల్లమ్మ తల్లి సూస్తున్నది, యాదుంచుకో.’"

"దేవుళ్లు అసలే వద్దు. రేపు మనతో బీహారు వాళ్లుంటారు, ఒడిశా వాళ్లుంటారు, ముస్లింలుంటారు. ఇది అందరి హక్కుల ప్రదర్శన. మతం, కులం, తిట్లు, మనుషుల పేర్లు, ఇవేవీ రాకూడదు. పోలీసులకిచ్చిన కాగితం మీద సంతకం పెట్టింది నేను."

"మీ సంతకానికి శాన ఇలువ సార్."

"అదేమిటమ్మా, అలా అంటారు?"

"ఉన్నదనే అంటున్న."

"సార్, మరి కలెక్టర్‌కు ఏమని రాయాలె?"

"‘కలెక్టర్ గారూ, మా గోడు వినండి’ అని రాయి చంద్రికా. ఎవరి ప్రస్తావన వచ్చినా వెనక ‘గారు’ ఉండాలి. ఎంత కోపమున్నా సరే. మర్యాద తప్పితే మన మాట ఎవరూ వినరు."

"విన్నవా బిడ్డా, గారు మరువకు."

"మరువ పెద్దమ్మా."

"అయినా సత్తెమ్మగారూ, ఈ నినాదాల గొడవ మీకెందుకు? ముందు వరుసలో కూర్చోండి. కెమెరాలు రాగానే సోమయ్య ఫొటో పట్టుకుని ఏడవండి. మీరు ఏడిస్తే ఎవరైనా కరిగిపోతారు. పోయినసారి చూశాంగా."

"ఈసారి ఏడుపు రాకుంటే?"

"వస్తుందిలెండి."

"ఒక్కటే ముచ్చట సార్. ఒక్క అట్ట మీద ‘నా భర్త తాగలేదు’ అని రాయించుండ్రి. ఇంకేమడగ."

"మళ్లీ అదేనా?"

"మళ్ల గదే."

"రేపు ఇంకో అయిదుగురు ఆడవాళ్లు వాళ్ల భర్తల పేర్లు గౌరవంగా చెప్పుకోవడానికి వస్తున్నారు. వాళ్ల మధ్య మీరు ఆ అట్ట పట్టుకుంటే ఏమవుతుంది? జనం ‘లేదు’ దాకా చదవరమ్మా. తాగుడు దగ్గరే ఆగిపోతారు. ఆరుగురూ తాగుబోతులే అనుకుంటారు."

"తాగిండని ఎవరన్నరు పెద్దమ్మా?"

"కంపెనీ కాగితం అన్నది బిడ్డా. తాగి ట్యాంకుల దిగిండు, తప్పు ఆయనదే అని. ఎంక్వైరీ గాడనే మూసేసిండ్రు."

"నిజంగ తాగెటోడా?"

"నేనూ గట్లనే అనుకున్న. డ్యూటీకెల్లి రాంగనే అంగీ సారా లెక్క గుప్పుమనేది. ‘ట్యాంకు వాసననే, తాగలే’ అని పిల్లల మీద ఒట్టేసెటోడు. నమ్మలే. పదకొండేండ్లు నమ్మలే. గడప బయట కూసోబెట్టి కంచం నూకేదాన్ని. ఒకనాడు కిరాయోళ్లందరు సూస్తుంటే చీపురు తిరగేసి కొట్టిన. మారు మాట అనలే. అంగీ విప్పి దండెం మీదేసి, నల్లా కాడ తానం జేసి వచ్చి, ‘ఇప్పుడు సూడే’ అని నోరు తెరిసిండు. నేను మొఖం తిప్పుకున్న."

"మరి ఎప్పుడు ఎరుకైంది?"

"ఆయన పోయినంక. పక్క అర్రల బీహారు సాయిబును గదే ట్యాంకు పనికి ఏసిండ్రు. సుక్క ముట్టడు ఆయన. మూడు రోజులకు ఆయన అంగీ గూడ గట్లనే గుప్పుమన్నది."

"పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా? చంద్రికా, ‘భద్రత మా హక్కు’ రాయి, పెద్ద అక్షరాలతో."

"సార్, మీరు గదే కంపెనీల ఇరవై ఏండ్లు సూపర్‌వైజర్ జేసిండ్రు గద. మీ అంగీ వాసన రాలేదా?"

"నేను ట్యాంకుల్లోకి దిగలేదు కదా."

"అవు. దింపిండ్రు."

"సత్తెమ్మగారూ!"

"ఊకె అన్న సార్. రాయించుండ్రి."

"చూడండి, మీ మంచికే చెబుతున్నాను. మీరు ఆ మాట ఎత్తితే కంపెనీ వాళ్లు ఆ కాగితం బయటికి తీస్తారు. ‘రోజూ తాగి వచ్చేవాడు’ అని అందులో సాక్ష్యం ఉంది. ఆ వేలిముద్ర ఎవరిది?"

"మీకెరుకే గద సార్."

"చెప్పండి, ఈ అమ్మాయి కూడా వింటుంది. ఎవరిది?"

"పెద్దమ్మా...?"

"నాదే బిడ్డా."

"విన్నావుగా. కట్టుకున్న భార్యే తాగుబోతు అన్నాక ఇంక అట్ట ఎవరికి చూపిస్తారు? మీ పరువు పోకూడదనే ఇన్నాళ్లూ నేను నోరు విప్పలేదు."

"దవాఖాన వరండల, పీనుగ ముంగట ఏయించుకున్నరు. ‘ఇంటికొచ్చినప్పుడు వాసనొచ్చేదా’ అన్నరు. ‘వచ్చేది’ అన్న. ‘గంతే, ఈడ వేలు పెట్టు’ అన్నరు."

"ఏం రాశారో తెలుసుకోకుండా పెట్టారు. తప్పు మీదే కదమ్మా?"

"నాదే సార్. గందుకే సాయంత్రం బడికి పోయిన. నేను మొదలు సదివిన కాగితం గదే. నా వంతు నకలు బియ్యం డబ్బాల దాసుకున్న. అక్షరం అక్షరం కూడుకుంట సదువుతె రెండు నెలలు పట్టింది. అడుగున సంతకాల దాక సదివిన."

"మీరు... చదువుతారా?"

"రాస్త గూడ. ఈ అట్ట నేనే రాసిన."

"ఏదీ, ఇలా ఇవ్వండి. ముందు నేను చూడాలి."

"ఆగుండ్రి సార్. బిడ్డా, నువ్వు సదువు. గట్టిగ సదువు."

"‘నా భర్త సోమయ్య తాగలేదు. తాగిండని రాసిన కాగితం మీద తెల్వక వేలిముద్ర వేసింది నేను, సత్తెమ్మ. తాగలేదని తెలిసి పక్కన సంతకం పెట్టింది సూపర్‌వైజర్ నరసరాజు గారు.’"

"గారు పెట్టిన సార్, సూడుండ్రి. మర్యాద యాడ తప్పలే."

ఇది రాసింది గంగమణి, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది ఇస్నాపూర్‌లో, కిరాయి గదిలో.